బొజ్జల ఆదివారం

"చచ్చిన కుక్కలు ఎక్కడికీ పారిపోవులే గానీ, ముందు నా నీలం చొక్కా ఎక్కడుందో చెప్పు!"

భర్త ఈ కేక వేసేటప్పటికి ఆమె ఒక చేత్తో పాలగిన్నె దించబోతూ, రెండో చేత్తో అత్తగారి మాత్రల డబ్బా మూత విప్పుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ల్యాబు వాళ్లతో మాట్లాడుతోంది. నీలం చొక్కా అతని కళ్లెదుటే కుర్చీ వీపు మీద వేలాడుతోంది. ఆ ఇంట్లో వస్తువులన్నింటికీ అదో జబ్బు. ఆమె వచ్చి వేలు పెట్టి చూపించేదాకా ఎవరి కంటా పడవు. చొక్కా, కళ్లజోడు, చక్కెర డబ్బా, టీవీ రిమోటు, ఆఖరికి గోడకు కొట్టిన మేకు కూడా. ఆమె వచ్చి చూపించింది. "అదే, నేనూ ఇప్పుడే చూశాను," అన్నాడతను. పాలు పొంగాయి. "పొద్దున్నే ఆ ఫోనేమిటో!" అన్నారు అత్తగారు లోపలి గదిలోంచి. ఆమె పొయ్యి తుడిచింది, డబ్బాలు కట్టింది, చెప్పుల్లో కాళ్లు దూర్చింది. ఆఫీసుకు చేరేసరికి సగం రోజు అయిపోయినంత అలసట, కానీ లెక్క ప్రకారం రోజు అప్పుడే మొదలు.

ఆమె పశువుల డాక్టరు. అయితే ఆవులకూ గేదెలకూ సూదులు వేసే డాక్టరు కాదు. జంతువుల ఆస్పత్రి వెనక వైపు గదిలో కూర్చుని పెంపుడు కుక్కలకూ పిల్లులకూ వచ్చే కాన్సర్ల లెక్క చూస్తుంది. నగరంలో ఏ క్లినిక్కులో ఏ కుక్క గడ్డ కోసినా, దాని ముక్కొకటి సీసాలో ఆ గదికి వస్తుంది. దాన్ని పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చెడ్డదో మంచిదో తేల్చడం సగం పని. మిగతా సగం ఇంకా ఓపిక కావలసిన పని. ఆ జీవి ఆడదా మగదా, వయసెంత, ఏ జాతి, గడ్డ ఒంట్లో ఎక్కడ లేచింది, ఏ వీధిలో ఉంటుంది, ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించి నగరం మ్యాపు మీద ఒక ఎర్రచుక్క పెట్టాలి. మనిషీ పెంపుడు జంతువూ ఒకే గాలి పీలుస్తారు, ఒకే కుళాయి నీళ్లు తాగుతారు. కుక్కకు ఆయుష్షు తక్కువ కాబట్టి, మనకు ఎన్నో ఏళ్లకు గానీ బయటపడని కీడు దానికి ముందే బయటపడవచ్చు. ఈ సంగతి ఆమె భర్తకు పెళ్లయిన కొత్తలో ఎంతో ఉత్సాహంగా చెప్పింది. అతను ఇన్సూరెన్సు కంపెనీలో మేనేజరు. విన్నాడు, నవ్వాడు, ఆ పైన ఏ విందుకెళ్లినా అదే జోకు. "నేను బతికున్న మనుషుల లెక్క చూస్తాను, మా ఆవిడ చచ్చిన కుక్కల లెక్క చూస్తుంది!" అందరూ నవ్వేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. తర్వాత్తర్వాత పెదాలు మాత్రం సాగదీసేది. ఆఫీసులో ఆమెకు 'గడ్డల డాక్టరమ్మ' అని పేరు. అది ఆమెకు నచ్చింది. ఎంతైనా అందులో డాక్టరు ఉంది.

ఆ రోజు ఆమె గదిలోకి వెళ్లేసరికి పెద్దసారు మ్యాపు ముందు నిలబడి ఉన్నాడు. ఆ ఆస్పత్రికంతటికీ ఆయనే పెద్ద. మంచివాడే, ఎవర్నీ గట్టిగా ఒక మాట అనడు. కాకపోతే మీటింగులో టీలు ఎవరు పోస్తారన్నప్పుడు ఆయన కళ్లు నేరుగా ఈమె మీదికే వెళ్తాయి, రిపోర్టు మీద ఎవరి పేరు ఉండాలన్నప్పుడు అంతే నేరుగా కిటికీలోంచి బయటికి వెళ్తాయి. "నీ రాత ముత్యాల్లా ఉంటుందమ్మా, నువ్వే రాసెయ్," అంటాడు. అలా రాసిపెట్టిన ముత్యాలన్నీ ఆయన మెళ్లో ఉన్నాయి.

"చూశావా ఇది?" అన్నాడు ఉత్సాహంగా.

చూడకేం, ఆ చుక్కలన్నీ పెట్టింది ఆమే కదా. నగరానికి ఉత్తరాన, వాలు మీదికి మెట్లుమెట్లుగా ఎక్కే వీధి ఒకటుంది. మ్యాపంతా అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలైతే, ఆ వీధి మాత్రం తట్టు పోసినట్టు ఎర్రగా ఉంది. ముఖ్యంగా ఆడ కుక్కలకూ ఆడ పిల్లులకూ పొట్ట కింద పాలగ్రంథుల్లో లేచే కాన్సర్లు. వీధి చివర ఎప్పుడో మూతపడ్డ రంగుల కార్ఖానా ఉంది.

"నిప్పు లేనిదే పొగ రాదమ్మాయ్. కార్ఖానా నీళ్లు భూమిలోకి దిగాయి, వీధి వీధంతా కాన్సరు. వచ్చే బుధవారం నగరసభలో చెప్తున్నాను. పేపర్ల వాళ్లని కూడా రమ్మన్నాను. 'కాన్సర్ వీధి'! ఎలా ఉంది పేరు? స్లయిడ్లు నువ్వు చేసెయ్."

"సార్, కేసులు ఎన్నో మనకు తెలుసు. ఎన్నింటికి అన్ని కేసులో తెలీదు కదా? ఆ వీధిలో అసలు ఎన్ని కుక్కలున్నాయి, ఎన్ని పిల్లులున్నాయి?"

పెద్దసారు పసిపిల్లని చూసినట్టు చూశాడు. "బతికున్నవాటిని ఎవరు లెక్కపెడతారమ్మా?"

ఆ మాట ఆమెకు రోజంతా చెవిలో జోరీగలా మోగింది. నిజమే, ఎవరు లెక్కపెడతారు? ఒకింట్లో నాలుగు పళ్లేలు పగిలాయి, ఇంకో ఇంట్లో ఒకటే పగిలింది అంటే మొదటింటి ఇల్లాలు చేతకానిదని అందరూ అంటారు. ఆ ఇంట్లో పూటకు వందమందికి వడ్డిస్తారనీ, రెండో ఇంట్లో ఇద్దరే తింటారనీ ఎవరూ అడగరు. పగిలినదానికి చప్పుడుంటుంది. పగలకుండా కడిగి, తుడిచి, బోర్లించినవాటికి చప్పుడుండదు. తన ఇంట్లో ఉప్పు ఎక్కువైన కూర ఇప్పటికీ అందరికీ గుర్తుంది, ఎవరి పుట్టినరోజున, ఏ కూరలో అన్నదానితో సహా. ఉప్పు సరిపోయిన కూరలు ఏమయ్యాయి? తినేశారు. బస్సులో కూర్చుని ఈ లెక్క వేసుకుంటూ ఆమె తనలో తనే నవ్వుకుంది. పక్కనున్నావిడ కొంచెం జరిగి కూర్చుంది. అప్పుడే నిశ్చయించుకుంది, ఆదివారం ఆ వీధికి తనే వెళ్లి బతికున్నవాటిని లెక్కపెడుతుంది. ఒక్క ఆ వీధినే కాదు, పోల్చి చూడటానికి పార్కు వెనకున్న వీధి కూడా. అక్కడ కుక్క లేని ఇల్లు లేదు, మ్యాపు మీద ఒక్క చుక్కా లేదు.

ఆదివారం పొద్దున ఇంట్లో చిన్న భూకంపం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఆడపడుచు భోజనానికి వస్తోంది.

"మా అక్క వస్తుంటే నువ్వు కుక్కల జనాభా లెక్కలకి పోతావా? అక్కకి ఏమని చెప్పను?"

"అలాగే చెప్పండి. అబద్ధం కాదుగా. వంట సగం అయింది. మిగతా సగం మీరు చేశారని తెలిస్తే వదినగారు పొంగిపోతారు."

ఇలా అనేసి ఆమెకే భయం వేసింది. నోట్లోంచి మాట ఇంత తేలిగ్గా ఊడిపడుతుందని తెలీదు. అతను నోరు తెరిచేలోగా లోపలి గదిలోంచి అత్తగారు వచ్చారు. చేతిసంచీ, గొడుగు, కాళ్లకు నడక బూట్లు.

"నేనూ వస్తానమ్మాయ్," అన్నారు.

"అమ్మా! అక్క వస్తోంది కదే!"

"దాన్ని కన్నదాన్ని, నాకు తెలీదూ? వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా వాళ్లాయన గురించి చెప్తుంది. వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. ఇవాళ నువ్వు విను."

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత. ఆ సామెత కట్టినవాళ్లు ఈ ఇద్దర్నీ ఒకే బస్సు సీటులో చూసి ఉండరు. నిజానికి ఈ ఇద్దరి మధ్యా పెద్ద ప్రేమేం లేదు. 'మా కాలంలో ఇంటెడు చాకిరీ చేసి కూడా అలిసిపోయామనేవాళ్లం కాదు, మీరు కుర్చీలో కూర్చుని అలిసిపోతున్నామంటారు' వంటి మాటలు అత్తగారు చాలానే విసిరారు. కోడలు కూడా మాట్లాడకుండా గిన్నెలు మాత్రం గట్టిగా పెట్టి జవాబులు చెప్పుకుంది. అందుకే బస్సు దిగేదాకా ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలీలేదు. దిగాక అత్తగారు, "ఇంతకీ కుక్కని ఎలా లెక్కపెడతారు? తోకలు చూసా?" అన్నారు. ఆమెకు నవ్వాగలేదు.

మెట్ల వీధి మొదట్లో నిలబడి చూస్తే ముందు కనిపించింది జనం. ఎండ పడే మెట్ల మీద వరసగా ఆడవాళ్లు కూర్చున్నారు. ప్రతివాళ్ల ఒళ్లోనూ ఒక కుక్కో పిల్లో వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి, ఏ చక్రవర్తికీ దక్కని సుఖం అనుభవిస్తోంది. ఆడవాళ్లు వాటి పొట్టలు నిమురుతూ లోకాభిరామాయణం మాట్లాడుకుంటున్నారు. ఊరికే నిమరడం కాదు, చంకల దగ్గర్నుంచి తొడల దాకా రెండు వేళ్లతో మెల్లగా నొక్కి, ఒక్కొక్క చనుకట్టూ చుట్టి చూసి, కిందికి జరుగుతున్నారు. ఒక మగాయన కూరగాయల సంచీతో మెట్లు ఎక్కుతూ, "బొజ్జల సభ మొదలైందీ! ఇక ఈ పూట ఈ వీధిలో వంటలుండవు," అన్నాడు. "మీ బొజ్జ కూడా తీసుకురండి బాబాయ్, చూసిపెడతాం," అందొక పిల్ల. మెట్లన్నీ నవ్వాయి.

గడ్డల డాక్టరమ్మకు కాళ్లు కదల్లేదు. ఆమె చదువుకునే రోజుల్లో ప్రొఫెసరు బల్ల మీద నేర్పిన పరీక్ష అది. ఏ క్లినిక్కులోనూ తీరిక లేక ఎవరూ సరిగ్గా చెయ్యని పరీక్ష. ఇక్కడ వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నంత తేలిగ్గా చేసేస్తున్నారు.

లెక్కపెట్టడానికి వచ్చామని చెప్పేలోగా అత్తగారు పని మొదలుపెట్టేశారు. ఏ గుమ్మంలోకైనా దూరడానికి ఆవిడ దగ్గరున్న మంత్రం ఒక్కటే, "అమ్మా, కాసిన్ని మంచినీళ్లిస్తారా?" నీళ్లు తాగేలోగా ఇంట్లో ఎన్ని పిల్లులు, ఎన్ని కుక్కలు, వాటి వయసులు, వాటి అల్లర్లు, పనిలో పనిగా ఆ ఇంటి కోడలి పుట్టిల్లు ఎక్కడో కూడా బయటికొచ్చేవి. ఆమె వెనక నిలబడి రాసుకుంటుంటే అత్తగారు కన్నుగీటేవారు. మెట్లన్నీ ఎక్కేసరికి ఆవిడ పొట్టలో ఒక చెరువుంది.

ఈ బొజ్జల ఆదివారం ఎలా మొదలైందో చెప్పింది అందరూ 'కుట్టుమిషను పిన్ని' అని పిలిచే ఆవిడ. వీధి మధ్యలో ఆవిడ టైలరు కొట్టు. ఒళ్లో బూడిద రంగు పిల్లి, మెళ్లో కొలతల టేపు.

"ఒకసారి ఆడవాళ్ల క్యాంపులో డాక్టరమ్మ చెప్పింది, నెలకోసారి ఎవరి రొమ్ములు వాళ్లు తడిమి చూసుకోండి అని. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. చెయ్యి వెయ్యలేకపోయానమ్మా! సిగ్గో, భయమో. ఈ వీధి ఆడవాళ్లందరి కొలతలూ నా దగ్గరున్నాయి, నావే లేవు. ఇదిగో, ఈ మహారాణి వచ్చి నా ముందు బొజ్జ చూపిస్తూ పడుకుంది. సరే, ముందు దీనికి చూద్దాం అనుకున్నాను. కందిగింజంత తగిలింది."

"అయ్యో!" అన్నారు అత్తగారు.

"అయ్యో ఏముంది, వెంటనే తీసుకెళ్లాను, కోసి తీసేశారు. చెడ్డదే అన్నారు, చిన్నగా ఉన్నప్పుడే వచ్చావు కాబట్టి బతికింది అన్నారు. చూడండి ఎలా ఉందో, గేదె పిల్లలా! ఆ మర్నాడు మళ్లీ తలుపేసుకున్నాను. దానికి లేని సిగ్గు నాకెందుకూ అనుకుని నన్నూ చూసుకున్నాను. ఏం లేదు. ఆ సంతోషం పట్టలేక పక్కింటావిడకి చెప్పాను, ఆవిడ ఎదురింటావిడకి చెప్పింది. ఇంకేముంది! ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం ఇక్కడ వీటివి చూస్తాం. ఆ తర్వాత ఎవరిళ్లకి వాళ్లం వెళ్లి తలుపులేసుకుంటాం." గొంతు తగ్గించి నవ్వింది. "మగవాళ్లకి పిల్లుల సంగతే తెలుసు."

అత్తగారు నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని ఆ పిల్లి పొట్ట మీద మెల్లగా చెయ్యి వేశారు. "నాకెవరూ ఇలా చెప్పలేదమ్మా," అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో తెలీలేదు. ఆమె మాత్రం పెన్ను ఆపి అత్తగారిని చూసింది. ఇన్నేళ్లుగా మాత్రలు లెక్కపెట్టి ఇస్తోంది, ఎలా ఉన్నారని అడగడం తనకూ తట్టలేదని ఒక్క క్షణం బాధ కలిగింది.

కొండ దిగి పార్కు వెనక వీధికి వచ్చేసరికి ఎండ ముదిరింది. విశాలమైన ఇళ్లు, పెద్ద గేట్లు. అడిగిన ప్రతివాళ్లూ ఒకే మాట చెప్పారు. "మా దానికేం రోగం లేదండీ. నిక్షేపంలా ఉంది." ఒకింట్లో పెద్దమనిషి ఒకాయన తన ఆడ పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదని గర్వంగా చెప్పాడు. చిన్నప్పుడే చేయిస్తే ఈ పొట్ట గడ్డలు చాలావరకు రావండీ అని ఆమె చెప్పబోయింది. "ఆడజన్మ ఎత్తాక ఒక్క కాన్పయినా లేకపోతే ఎలాగమ్మా, పాపం కాదూ?" అన్నాడాయన. "ఆ పురుడు మీరు పోస్తారా, పిల్లల్ని మీరు సాకుతారా?" అన్నారు అత్తగారు, ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు తాగకుండానే తిరిగి ఇచ్చేస్తూ.

ఇంకో ఇంట్లో ముసలి కుక్క ఒకటి వరండాలో పడుకుని ఉంది. ఆడది. మెత్తని కళ్లు, నెరిసిన మూతి. ఇంటావిడ మర్యాదగా కుర్చీలు వేసింది. "దీనంత బుద్ధిమంతురాలు ఉండదండీ. ఇన్నేళ్లలో ఒక్కరోజు మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు." పొద్దుటి నుంచి చూసిన అలవాటు కొద్దీ ఆమె వంగి ఆ కుక్క పొట్ట కింద చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిమ్మకాయంత గడ్డ, గట్టిగా, చర్మానికి అతుక్కుని.

"అదా? అది ఎప్పట్నుంచో ఉందండీ," అంది ఇంటావిడ. "దానికేం నొప్పి లేదు. ఉంటే అరిచేది కదా? ఒక్కసారి కూడా అరవలేదు."

కుక్క ఆమె చెయ్యి నాకింది. అంతవరకూ ఆ చోట ఎవరూ చెయ్యి పెట్టలేదు కాబోలు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఇంటావిడ మీద కాదు, ఆవిడ నిజంగానే దాన్ని ప్రేమిస్తోంది. అరిస్తేనే నొప్పి అనుకునే ఆ అలవాటు మీద కోపం. అప్పటికప్పుడు ఫోను చేసి మర్నాటికి ఆపరేషన్ ఖాయం చేయించింది. మ్యాపు మీద ఒక్క చుక్కా లేని ఆ శుభ్రమైన వీధిలో ఆ రోజు ఇద్దరూ కలిసి ఇంకో రెండు గడ్డలు పట్టుకున్నారు. రెండోది పట్టుకున్నది అత్తగారే.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు వెళ్లిపోయింది. భర్త సోఫాలో నీరసంగా పడి ఉన్నాడు. "అక్క అంత మాట్లాడుతుందని నాకెప్పుడూ తెలీదు," అన్నాడు. సింకు నిండా గిన్నెలు. అయినా ఆమె ముందు కంప్యూటరే తెరిచింది. లెక్క ఆదివారం సాయంత్రానికే తేలిపోయింది. మెట్ల వీధిలో కనిపెట్టిన గడ్డలు ఎక్కువే, కానీ అక్కడ జంతువులూ ఎక్కువే. గడ్డలన్నీ గింజంతవి, బఠాణీ అంతవి. వాటితో చనిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. పార్కు వెనక వీధి కంటే అక్కడే పిల్లులూ కుక్కలూ ఎక్కువకాలం బతుకుతున్నాయి. ఆమె కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. ఎందుకో అడక్కుండానే అత్తగారు కూడా కొట్టారు.

సోమవారం పెద్దసారు ఇదంతా విన్నాడు. "బాగుందమ్మాయ్. కానీ పేపర్ల వాళ్లకి 'కాన్సర్ వీధి' అని చెప్పేశాను. ముందు ఇది కానివ్వు, నీది మెల్లగా తర్వాత చూద్దాం."

తర్వాత ఏమవుతుందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. పేపర్లో వీధి ఫోటో వస్తుంది. ఇళ్ల ఓనర్లు జంతువుల్ని వదిలించుకోమంటారు. మెట్ల మీద కూర్చుని బొజ్జలు చూసినందుకే వీధి పరువు పోయిందని ఇంట్లో మగవాళ్లు తిడతారు. ఆ పైన ఎవరు చూస్తారు? ఒక్క నెలలో మెట్లు ఖాళీ అవుతాయి. పిల్లి పేరు చెప్పి, తలుపులేసుకుని తమని తాము చూసుకోవడం కూడా ఆగిపోతుంది. అప్పుడు మ్యాపు శుభ్రంగా, ముచ్చటగా, ఒక్క చుక్క లేకుండా ఉంటుంది.

బుధవారం నగరసభ హాలు కిటకిటలాడింది. మేయరమ్మ మధ్యలో, పేపర్ల వాళ్లు ముందు వరసలో. మెట్ల వీధి జనం కూడా కబురందుకుని వచ్చి వెనక నిలబడ్డారు. కుట్టుమిషను పిన్ని బుట్టలో పిల్లిని కూడా తెచ్చింది. పెద్దసారు మైకు ముందు. గడ్డల డాక్టరమ్మ ఎప్పటిలా పక్కన చిన్న బల్ల దగ్గర, స్లయిడ్లు మార్చే బటను మీద వేలు పెట్టుకుని. మొదటి స్లయిడ్ మ్యాపు. హాలంతా 'అమ్మో' అంది. పెద్దసారు గొంతు సవరించుకుని, "ఇప్పుడు ఆ వీధి పేరు తెరమీద చూస్తారు. నెక్స్ట్," అన్నాడు.

ఆమె వేలు కదల్లేదు.

"నెక్స్ట్, అమ్మాయ్."

ఇన్నేళ్లుగా ఎవరు ఏమడిగితే అది వేలితో చూపించింది, చొక్కా అంటే చొక్కా, స్లయిడంటే స్లయిడు. ఈసారి ఆమె బటను మీంచి వేలు తీసేసింది. లేచి నిలబడింది. పెద్దసారు వైపు తిరిగింది.

"సార్, తర్వాతి స్లయిడు చూపించలేను. అందులో ఉన్నది తప్పు. ఆ చుక్కలు నేనే పెట్టాను, వాటి అర్థం నేను చెప్తాను. మేయరమ్మగారూ, మాట్లాడొచ్చా?"

"మాట్లాడండి," అంది మేయరమ్మ.

మైకు దగ్గరికి వెళ్లడానికి పెద్దసారు పక్కనుంచే వెళ్లాలి. ఆయన జరగడానికి కొంచెం టైము పట్టింది, కానీ జరిగాడు. ఆమె మాట్లాడింది. బొజ్జల ఆదివారం గురించి చెప్తుంటే హాలు నవ్వింది, నిమ్మకాయంత గడ్డ గురించి చెప్తుంటే పేపర్ల వాళ్లు గబగబా రాసుకున్నారు. ఆ వీధి ఆడవాళ్లు తలుపులేసుకుని చేసేది మాత్రం చెప్పలేదు. అది వాళ్లది. "కార్ఖానా నీళ్లు పరీక్ష చేయించండి, తప్పకుండా చేయించండి. కానీ ఈ చుక్కలు చూసి ఆ వీధికి భయపడకండి. ఎక్కడ చెయ్యి పెట్టి చూశారో అక్కడ చుక్క పడింది. గడ్డని గింజగా ఉన్నప్పుడే పట్టుకున్నారు కాబట్టి అక్కడి జీవాలు బతికున్నాయి."

"అయితే చుక్కలు లేని వీధులు?" అంది మేయరమ్మ, కుర్చీలో ముందుకు వంగి. ఆవిడ ఇల్లు పార్కు వెనక వీధిలోనే అని తర్వాత తెలిసింది.

"నాకు భయం వాటి గురించేనండీ. అక్కడ ఎవరూ అడగలేదు, ఏదీ అరవలేదు."

వెనక బుట్టలో పిల్లి గట్టిగా 'మ్యావ్' అంది. హాలు గొల్లుమంది. ఆ నవ్వులోనే ప్రతి పేటలోనూ నెలకో బొజ్జల ఆదివారం పెట్టాలని, దాన్ని గడ్డల డాక్టరమ్మే నడపాలని నిర్ణయం జరిగిపోయింది. అందరికంటే ఆలస్యంగా చప్పట్లు మొదలుపెట్టిన పెద్దసారు అందరికంటే ఆలస్యంగా ఆపాడు. బయట పేపర్ల వాళ్లతో "మా డాక్టరుగారు" అన్నాడు. నిన్నటిదాకా 'మా అమ్మాయి'. కుట్టుమిషను పిన్ని టేపు తీసి ఆమె భుజాలు కొలిచింది. "పెద్ద సభలో మాట్లాడే మనిషికి మంచి జాకెట్టుండాలి," అంది. ఆమె ఇంటిదాకా నడిచే వచ్చింది. బస్సెక్కితే ఈ సంతోషం సీటులో పట్టదనిపించింది.

సాయంత్రం భర్త ఫోనులో వార్త చదివాడు. నిజంగానే మురిసిపోయాడు. సోఫాలో జారగిలబడి, అక్కకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి ఆమెకు వినపడేలా మొదలుపెట్టాడు. "చూశావా అక్కా మా ఆవిణ్ణి! బయట పులి. ఇంట్లో మాత్రం పిల్లి. ఇరవయ్యేళ్ల కాపురంలో ఒక్క కంప్లయింటు లేదు, తెలుసా? మా ఇంట్లో అంత ఆరోగ్యం!"

ఆమె కూర తరుగుతోంది. కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి అతనికి ఎదురుగా కుర్చీలో తీరిగ్గా కూర్చుంది. ఆ కుర్చీలో ఆ వేళప్పుడు ఆమె ఎన్నడూ కూర్చోలేదు. మొహంలో కోపం లేదు. సభలో వచ్చిన వెలుగు ఇంకా అలాగే ఉంది.

"ఏవండీ, ఫోను పెట్టేయకండి, వదినగారు కూడా వినొచ్చు. కంప్లయింటు లేనంత మాత్రాన ఆరోగ్యం కాదని ఇవాళ అంతమంది ముందు చెప్పొచ్చాను. ఇంటికొచ్చి చెప్పకపోతే ఏం బాగుంటుంది? ఇవాళ్టి నుంచి ఇక్కడ కూడా తడిమి చూద్దాం, ఇన్నేళ్లూ చెప్పని కంప్లయింట్లు ఎక్కడెక్కడ గడ్డ కట్టాయో. భయపడకండి, చాలావరకు ప్రమాదం లేనివే అయ్యుంటాయి. కొన్ని మాత్రం కోసి తీసెయ్యాలి. కూర మీరు తరుగుతూ వినండి, నేను చెప్తాను."

భర్త నోరు తెరిచాడు. ఫోనులో ఆడపడుచు, ఎన్నడూ లేనిది, మాట్లాడకుండా వింటోంది.

అత్తగారు టీవీ కట్టేసి, కుర్చీ లాక్కుని కోడలి పక్కన వేసుకున్నారు.

"ముందు నావి అమ్మాయ్," అన్నారు. "నావి బాగా ముదిరిపోయాయి."